బొటనవేలితో నొక్కి క్యూ కేసు కొనకండి

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ క్యూ కేసు, అంటే పూల్, స్నూకర్ ఆడే కర్రను (క్యూని) పెట్టుకునే కేసు, చేతికిస్తే ఎవరైనా ముందు చేసే పని ఒకటే. కేసు నడుం మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కుతారు. వేలు లోపలికి దిగితే "స్పాంజి బానే ఉంది బావా" అంటారు, దిగకపోతే పెదవి విరుస్తారు. పరుపు కొనేటప్పుడు ఈ పరీక్ష పనికొస్తుంది, దాని మీద పడుకునేది మనం కాబట్టి. కేసులో పడుకునేది చెక్క. దానికి కావలసిన మెత్తదనం వేరు, ఆ మెత్తదనం ఉండాల్సిన చోటు వేరు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కేసులో చూడాల్సిన వాటిలో స్పాంజి మందం నాలుగోది. మొదటిది పై పెంకు గట్టిదనం. రెండోది రెండు కొసల దగ్గర ఉన్న మెత్త. మూడోది క్యూ లోపల ఊగకుండా పట్టి ఉంచే బిగువు. ఈ మూడూ లేకుండా నడుం చుట్టూ అంగుళం స్పాంజి కుట్టినా అది దిండు గలీబే. పైగా మన తీరం వాళ్ళకి ఇంకో చిక్కుంది: రకం తప్పిన స్పాంజి క్యూని కాపాడకపోగా తనే వంకర చేసిపెడుతుంది.

కొసల సంగతి ముందు చూద్దాం, ఎక్కువ మంది మోసపోయేది అక్కడే.

పూల్ క్యూ మామూలుగా 58 అంగుళాలు. మధ్యలో విప్పితే చెరో 29 అంగుళాలు, అంటే 737 మిల్లీమీటర్లు. బరువు 18 నుంచి 21 ఔన్సులు, మన లెక్కలో 510 నుంచి 595 గ్రాములు. అందులో బంతిని కొట్టే కొస (టిప్) ఉన్న సన్న సగం, అంటే షాఫ్ట్, వాటా మామూలుగా 110, 120 గ్రాములే. మిగతా బరువంతా చేత్తో పట్టుకునే లావు సగానిది, అంటే బట్‌ది. కాబట్టి కేసు నిలువుగా పడిందంటే లోపల సుత్తిలా దిగేది బట్టే. బట్ 425 గ్రాములనుకుందాం. చేతిలోంచి 1.2 మీటర్ల ఎత్తున జారితే నేలను తాకే సరికి దానిలో 5 జౌళ్ళ శక్తి ఉంటుంది. ఆ శక్తి ఎంత దూరంలో ఆగిందన్న దాని మీదే దెబ్బ తీవ్రత ఆధారపడుతుంది. ఒక మిల్లీమీటరులో ఆగితే క్షణంపాటు 500 కిలోల బరువు మోపినట్టు. 5 మిల్లీమీటర్లలో ఆగితే 100 కిలోలు. 12 మిల్లీమీటర్లలో ఆగితే దాదాపు 42 కిలోలు. అంటే కేసు అడుగున వేసే చిన్న మెత్త బిళ్ళే మొత్తం కథ నడిపిస్తుంది. నడుం చుట్టూ ఉన్న స్పాంజికి ఈ దెబ్బతో సంబంధమే లేదు.

ఏ స్పాంజి అయినా తన మందంలో సగం, మహా అయితే 60 శాతం నలుగుతుంది. ఆపైన అడుగంటి రాయిలా తయారవుతుంది. అందుకే 12 మిల్లీమీటర్లు ఆగే దూరం కావాలంటే అడుగున 20 మిల్లీమీటర్ల బిళ్ళ ఉండాలి. అదీ మెత్తటి కుషన్ స్పాంజి అయితే పనికిరాదు. బట్ అడుగు వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లే. అంత చిన్న చోట కుర్చీలో వేసే స్పాంజి నలిగేటప్పుడు పీల్చుకునే శక్తి, ఆ 5 జౌళ్ళలో నూరో వంతు కూడా ఉండదు. వేలితో నొక్కితే హాయిగా దిగే స్పాంజి, బట్ పడినప్పుడు లేనట్టే లెక్క. వేలికి కాస్త మొండిగా తగిలేదే ఇక్కడ పని చేస్తుంది. ఈవీఏ అనే రకం అందుకు సరైనది. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు తెలిసిందే. చాలా యోగా మ్యాట్లూ, తేలికపాటి చెప్పుల అడుగులూ దానితోనే చేస్తారు. హవాయి చెప్పు అడుగులోంచి గుండ్రంగా కోసిన బిళ్ళ, కొత్త కేసులో వచ్చే మెత్తటి స్పాంజి బిళ్ళకన్నా బట్‌ని బాగా కాపాడుతుంది. చూడ్డానికి బాగోదంటారా, పైన గుడ్డ అతికించండి.

దీనిలోనే పై కొస కూడా ఉంది. కేసు ఎప్పుడూ అడుగు మీదే పడాలని రూలేం లేదు. తలకిందులుగా పడితే బట్ పై కొసన, రెండు సగాలనూ కలిపే జాయింటు దగ్గర ఉన్న ఇత్తడి లేదా స్టీలు పిన్ను నేరుగా మూతను పొడుస్తుంది. మూత లోపల చాలా కేసుల్లో సన్నటి గుడ్డ తప్ప ఏమీ ఉండదు. పిన్ను మీద జాయింట్ క్యాప్ (జాయింటు కొసకు పెట్టే చిన్న మూత) బిగించడం, మూత లోపల కనీసం 15 మిల్లీమీటర్ల బిళ్ళ ఉంచడం, రెండూ కావాలి. క్యాప్ లేకపోతే పిన్ను ప్రతిసారీ ఒకే చోట పొడిచి బిళ్ళలో గుంత చేస్తుంది. ఆ గుంత పడ్డాక బిళ్ళ ఉన్నా లేనట్టే. మూత వేసినప్పుడు రెండు బిళ్ళలూ కలిసి రెండు మూడు మిల్లీమీటర్లు నలిగేలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అంతకన్నా ఎక్కువైతే జిప్పు పళ్ళు పోతాయి, తక్కువైతే క్యూ పైకీ కిందికీ ఎగురుతూ ఉంటుంది.

షాఫ్ట్‌ని టిప్ పైకి పెట్టాలా కిందికి పెట్టాలా అన్న గొడవ పూల్ పార్లర్లలో ఎప్పుడూ ఉండేదే. టిప్ కిందికి పెడితే జాయింటు వైపు లావుగా పైన ఉంటుంది, లాగడం సులువు. అందుకే ఎక్కువ మంది అలా పెడతారు. నేను పైకే పెట్టమంటాను. కారణం దెబ్బ కాదు, షాఫ్ట్ బరువు తక్కువే. కారణం చాక్. మనం చాక్‌పీసు అనుకుని టిప్‌కి రుద్దే ఆ నీలం ముక్కలో బడి సుద్ద లేదు. 1897లో స్పింక్స్, హాస్కిన్స్ అనే ఇద్దరు అమెరికాలో పేటెంటు తీసుకున్నప్పటి నుంచి దానిలో ఉండేది ఇసుక జాతి సిలికా, గరుకు కాగితాల మీద వాడే అల్యూమినియం ఆక్సైడు లాంటివి. టిప్ కిందికి పెడితే ఆ పొడి రాలి అడుగు బిళ్ళలోకీ, గొట్టం గుడ్డలోకీ దిగుతుంది. ఆర్నెల్లకు మెత్తటి మఖమల్ కాస్తా గరుకు కాగితమవుతుంది. తర్వాత క్యూని లోపలికి తోసినప్పుడల్లా, బయటికి లాగినప్పుడల్లా ఫెర్రూల్ (టిప్ కింది తొడుగు) మీదా షాఫ్ట్ మొదట్లో ఒకటి రెండు అంగుళాల మీదా సన్నటి గీతలు పడతాయి. వేలికి అదేదో గరుకు అనిపిస్తుంది. దాన్ని చెక్క తప్పు అనుకుని సాన పడతారు. సాన పట్టిన కొద్దీ షాఫ్ట్ సన్నబడుతుంది. కాబట్టి టిప్ తుడిచి, జాయింటు కొసకు క్యాప్ పెట్టి, ఆ కొసను కిందికి దించండి. నెలకోసారి కేసును తలకిందులు చేసి గట్టిగా తట్టండి. రాలే నీలం పొడిని తెల్ల కాగితం మీద చూస్తే ఇంకెవరూ వాదించరు.

ఇక వంగుడు. దెబ్బకూ వంగుడుకూ తేడా ఉంది. దెబ్బ క్షణంలో అయిపోతుంది, దాన్ని మెత్తన తగ్గించగలదు. వంగుడు నిదానంగా వచ్చే బరువు. పాలకొండ వెళ్ళే బస్సులో పై అర మీద అడ్డంగా పెట్టిన కేసు మీద ఎవరో బియ్యం మూట పెట్టారనుకోండి. కేసు రెండు కొసలూ ఏదో ఒకదాని మీద ఆని ఉండి నడుం గాల్లో ఉంటే, ఆ 25 కిలోలూ స్పాంజిని ఒకసారి నలిపి ఆ తర్వాత నేరుగా షాఫ్ట్ మీదే కూర్చుంటాయి. స్పాంజి రెండంగుళాలున్నా ఆపలేదు. ఆపేది గట్టి గొట్టమో, ఏబీఎస్ ప్లాస్టిక్ పెంకో, అల్యూమినియం పెట్టో, ప్లైవుడ్డో. మెత్త కేసు అని అమ్మే జిప్పు సంచుల్లో అసలు పెంకే ఉండదు. ఇంట్లోంచి నడిచి పార్లర్‌కి వెళ్ళొచ్చేవాడికి అవి చాలు. రైలెక్కేవాడికి, బండి మీద అడ్డంగా కట్టుకునేవాడికి చాలవు.

పరీక్ష చాలా సులువు. ఖాళీ కేసు రెండు కొసలనూ రెండు స్టూళ్ళ మీద ఆనించి, నడుం మీద రెండు అరచేతులతో బరువు వేసి నొక్కండి. విల్లులా దిగితే అది కేసు కాదు, సంచి. దిగకపోతే అప్పుడు లోపల మెత్త ఎలా ఉందో చూడండి. బొటనవేలి వంతు అప్పుడు.

పెంకు గట్టిగా ఉంటే దానికి ఎదురు సమస్య ఒకటి వస్తుంది. గట్టి గొట్టంలో వదులుగా ఉన్న క్యూ, గుడి గంటలో నాలికలా కొట్టుకుంటుంది. బట్ అడుగున 31, 32 మిల్లీమీటర్ల లావు, జాయింటు దగ్గర 21. షాఫ్టు జాయింటు దగ్గర 21, టిప్ దగ్గర 13 లోపే. గొట్టం మాత్రం మొదటి నుంచి చివరి వరకూ ఒకటే వెడల్పు. 35 మిల్లీమీటర్ల గొట్టంలో షాఫ్ట్ వేస్తే టిప్ దగ్గర 22 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆమదాలవలస నుంచి బండి మీద వస్తుంటే గతుకు గతుకుకీ ఆ సన్న కొస గోడను కొడుతూనే ఉంటుంది. ఒక్క దెబ్బ ఏమీ చేయదు. వేల దెబ్బలు ఫెర్రూల్ అతుకును వదులు చేస్తాయి, వార్నిష్‌కు నెరియలు పుట్టిస్తాయి.

ఇక్కడే నడుం చుట్టూ ఉన్న మెత్తకు అసలైన పని ఉంది. దెబ్బ తినడం కాదు దాని పని, ఊగనీయకపోవడం. కేసును చెవి దగ్గర పెట్టుకుని అడ్డంగా ఊపండి. టకటకమంటే ఎంత మెత్తగా ఉన్నా తిరిగి ఇచ్చేయండి. బొద్దుగా, మూగగా తగిలితే సరే. అసలు ఏమీ వినపడకపోతే ఇంకోటి చూడాలి: క్యూ తీయడానికి ఎంత బలం కావాలి? రెండు వేళ్ళతో లాగితే రావాలి. చేతులు మార్చి మెలితిప్పి లాగాల్సి వస్తే ఆ మెత్త మరీ బిగువు. మెలితిప్పినప్పుడు జాయింట్ క్యాప్ వదులవుతుంది, టిప్ వైపు పట్టుకుని లాగే అలవాటుంటే ఫెర్రూల్ ఊడి చేతిలోకి వస్తుంది.

పెట్టె ఆకారం కేసుల్లో, ముఖ్యంగా స్నూకర్ వాళ్ళు వాడే పొడుగు అల్యూమినియం పెట్టెల్లో, క్యూ స్పాంజి గాళ్ళలో పడుకుని పైన పట్టీలు ఉంటాయి. పట్టీ సరిగ్గా స్పాంజి దిమ్మ మీదే పడిందా లేదా చూడండి. రెండు దిమ్మల మధ్య గాల్లో ఉన్న చోట పట్టీని బిగించి కడితే, మూత మూసినన్నాళ్ళూ ఆ షాఫ్ట్‌ని కిందికి వంచుతూనే ఉన్నట్టు. ఒక్క రాత్రికి ఏమీ కాదు, వానాకాలం మొత్తం అలా ఉంటే చెక్క ఆ వంపుకు అలవాటు పడిపోతుంది. మూడొంతులు ఒక ముక్కగా ఉండే స్నూకర్ క్యూకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, పొడుగు ముక్క కదా.

స్పాంజి రకాల గురించి నాలుగు మాటలు. కుషన్ పనివాళ్ళ దగ్గర దొరికేది పీయూ ఫోమ్. 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని అడిగితే ఇస్తారు, ఆ అంకె ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో చెప్తుంది. దీనిలోని చిన్న చిన్న గాలి గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, గాలీ నీళ్ళూ రెండూ తిరుగుతాయి. ఈవీఏలోనూ, టీవీ పెట్టెల్లో తెల్లగా వచ్చే ఈపీఈ షీట్లలోనూ గదులు మూసి ఉంటాయి, నీళ్ళు పీల్చవు. థర్మాకోల్ ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు. మొదటి దెబ్బకు బ్రహ్మాండంగా పని చేసి రెండో దెబ్బకు చేతులెత్తేస్తుంది. టీవీ ఒక్కసారే ఇంటికొస్తుంది, క్యూ రోజూ తిరుగుతుంది.

మన దగ్గర బూరుగుదూది ఉండగా ఈ స్పాంజులెందుకు అనేవాళ్ళున్నారు. సరదాగా అన్నా అందులో కొంత నిజం ఉంది. బూరుగుదూది పోగుల మీద మైనం లాంటి పూత ఉంటుంది, మామూలు దూదిలా నీళ్ళు పీల్చుకోదు. కానీ ఊగుడుకు ఉండలు కడుతుంది. దిండు అయితే రోజూ పొద్దున్నే దులిపి సర్దుకుంటాం. కేసు లోపల కుట్టేసిన దాన్ని ఎవరు దులుపుతారు? ఆర్నెల్లకు ఒక చోట గుట్ట, ఒక చోట బోడి గుడ్డ. ఉద్దానం కొబ్బరి పీచు కూడా అంతే, గట్టిగా ఉంటుంది కానీ పోగులు గుడ్డలోంచి పొడుచుకొచ్చి వార్నిష్‌ని గీరుతాయి.

పీయూ స్పాంజిని పూర్తిగా తీసిపారేయమనను. గొట్టం గోడలకు, నీళ్ళు చేరని కేసులో, 40 డెన్సిటీది అయితే పర్వాలేదు. కానీ వేడీ తేమా కలిసిన చోట దాని ఆయుష్షు తక్కువ. కొన్నేళ్ళకు పసుపు రంగుకు తిరిగి, వేలు పెడితే పిండిలా రాలుతుంది, లేదా జిగటగా అంటుకుంటుంది. గాలిలో తేమే దాని లోపలి బంధాలను తెంపుతుంది. పాత హెడ్‌ఫోన్ల చెవి మెత్తలు రాలిపోవడం చూసే ఉంటారు, అదే రోగం. ఆ జిగట షాఫ్ట్‌కి అంటితే వదిలించడం నరకం. కేసు గుడ్డను ఏడాదికోసారి గోటితో గీరి చూడండి. కింద కరకరమని పిండి చప్పుడు వస్తే గుడ్డ చిరిగేదాకా ఆగకుండా మార్పించేయండి.

మెత్త మీద గుడ్డ ఏదన్నది చిన్న విషయం కాదు. రెగ్జిన్ గానీ రబ్బరు గానీ నేరుగా వార్నిష్‌కు తగలకూడదు. రెగ్జిన్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనె లాంటి పదార్థం నెమ్మదిగా బయటికి వచ్చి కొన్ని రకాల వార్నిష్‌లోకి చేరుతుంది, అక్కడ పాలిష్ జిగటగా మారి మచ్చ పడుతుంది. మధ్యలో నూలు గుడ్డ ఒక పొర ఉన్నా చాలు. నూగు ఎక్కువ ఉన్న మఖమల్ చూడ్డానికి బాగుంటుంది, చాక్ పొడిని కూడా అంతే ప్రేమగా దాచుకుంటుంది. నేనైతే నున్నటి నేత ఉన్న నూలు గుడ్డకే ఓటేస్తాను. పొందూరు ఖాదీ ముక్క వేయమంటే నేతగాళ్ళు నవ్వుతారేమో గానీ, వాలుగ చేప దవడతో ఏకిన పత్తి గుడ్డ మీద క్యూ జారినంత నున్నగా ఏ పాలియెస్టర్ మీదా జారదు. వేరు చేసి ఉతుక్కోగలిగేలా సంచిలా కుట్టించుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు తేమ. మన జిల్లాల్లో క్యూలు ఎక్కువగా పాడయ్యేది పడి కాదు, నాని.

క్యూ చేసే మేపుల్, యాష్ చెక్కలు చలి దేశాలవి. కొలిమిలో ఆరబెట్టి, ఎనిమిది శాతం అటూ ఇటూ తేమతో చెక్కుతారు. అది మన తీరానికి వచ్చి వానాకాలంలో గాలి తేమ 80 శాతం ఉన్న గదిలో కూర్చుంటే, నెమ్మదిగా దాదాపు 16 శాతం వరకూ తేమ పీల్చుకోవాలని చూస్తుంది. చుట్టూ ఒకే రకంగా పీలిస్తే కాస్త ఉబ్బుతుందంతే. ఒక పక్క తడిసి ఒక పక్క పొడిగా ఉంటేనే వంకర. ఎంత తేడా చాలో చూడండి: 13 మిల్లీమీటర్ల షాఫ్ట్‌లో ఒక పక్క పొడుగు రెండో పక్క కన్నా పదివేలలో ఒక వంతు పెరిగితే, అంటే 737 మిల్లీమీటర్లకు 0.07 మిల్లీమీటరు, నడుం దగ్గర అర మిల్లీమీటరు విల్లు వస్తుంది. టేబుల్ మీద దొర్లిస్తే కింద వెలుగు గీత ఆడుతూ కనపడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. అక్టోబరు తుపాను రోజుల్లో జిప్పు సందులోంచి కేసులోకి నాలుగు చుక్కలు దిగాయి. తెరిచిన గదుల స్పాంజి వాటిని పీల్చి కింది పక్కకు చేర్చింది. కేసు బీరువా మీద పడుకోబెట్టి ఉంది. ఆ షాఫ్ట్ కింది పక్క వారం రోజులు తడి స్పాంజి మీద పడుకుంది, పై పక్క పొడి. వంకర కావాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చేయలేరు. మందం స్పాంజి అయితే ఇంకా ఎక్కువ నీళ్ళు పడతాయి, ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. మందం పెరిగితే రక్షణ పెరుగుతుందన్న నమ్మకం సరిగ్గా ఇక్కడే తిరగబడుతుంది. బొబ్బిలి వీణ చేసేవాళ్ళు పనస చెక్కను ఎంతెంత ఆరబెడతారో మనవాళ్ళకు తెలుసు. క్యూ కూడా చెక్కదే, దాన్ని మాత్రం నెలల తరబడి తడి దిండులో చుట్టి ఉంచుతాం.

కేసు తడిసిందా, క్యూని వెంటనే బయటికి తీసి పొడి గుడ్డతో తుడిచి, అన్ని పక్కలా గాలి తగిలేలా చదునుగా ఉంచండి. కేసును మూత తెరిచి తలకిందులుగా ఫ్యాను కింద ఒకటి రెండు రోజులు వదలండి. ఎండలో పెట్టొద్దు, అతికించిన గమ్ము కరిగి మెత్త ఊడుతుంది. కేసులో 20, 30 గ్రాముల సిలికా జెల్ పొట్లం ఉంచితే మంచిది. నారింజ రంగు గింజలు ఆకుపచ్చకు తిరిగితే తేమ నిండినట్టు, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్ళీ వాడుకోవచ్చు. బియ్యం మూట కట్టి పెట్టేవాళ్ళున్నారు, దానితో వచ్చేది పురుగే. కలరా ఉండలు మాత్రం అస్సలు వద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను, పాలిష్‌లను మెత్తబరుస్తుంది. తేమ ఎక్కువైన కేసులో ఇంకో గుర్తు కనిపిస్తుంది: స్నూకర్ క్యూ ఇత్తడి ఫెర్రూల్‌కి చిలుము, తోలు టిప్‌కి బూజు. ఈ రెండిట్లో ఏది కనపడినా ముందు మెత్తను అనుమానించండి.

మెత్త నిజంగా మేలు చేసే సందర్భం ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏసీ పార్లర్‌లో 24 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఆడి బయటికొస్తారు. బయట 32 డిగ్రీలు, 80 శాతం తేమ. ఆ గాలిలో 28 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా మంచు పడుతుంది. కళ్ళజోడు మసకబారడం తెలిసిందే, క్యూ మీదా అదే జరుగుతుంది. కాబట్టి ఆట అయ్యాక క్యూని లోపలే, ఏసీలోనే, విప్పి కేసులో పెట్టి మూత వేయండి. మెత్త ఉన్న కేసు వేడిని నిదానంగా లోపలికి రానిస్తుంది, చెక్క నెమ్మదిగా వేడెక్కుతుంది. ఇంటికెళ్ళగానే తెరవకండి. అరగంట ఆగండి. ఈ ఒక్క విషయంలో మందం ఉన్న కేసు పలచటి దానికన్నా నిజంగా మేలు.

కారు సంగతి అలా కాదు. మెత్త వేడిని ఆలస్యం చేస్తుంది, ఆపదు. ఎండలో నిలిపిన కారు లోపల గంటలో బయటి కన్నా 20 డిగ్రీలు పైనే ఎక్కుతుంది. పలచటి కేసు అరగంటలో వేడెక్కితే మందం కేసు గంటన్నరలో వేడెక్కుతుంది, అంతే తేడా. రేకుల ఇంటి అటక కూడా కారు లాంటిదే.

విమానం ఎక్కేవాళ్ళకు ఒక్క మాట. క్యూని క్యాబిన్‌లోకి రానివ్వరు, లగేజీలో వేయాల్సిందే. దానికి గట్టి పెంకు, రెండు కొసల బిళ్ళలూ తప్పనిసరి. బెల్టు మీద పడేది చాలావరకు కొస మీదే.

కొనకుండా చేయించుకునేవాళ్ళ కోసం కొలతలు. ఒక బట్, ఒక షాఫ్ట్ కేసుకు రెండు పీవీసీ పైపు ముక్కలు చాలు. బట్‌కు 50 మిల్లీమీటర్ల పైపు, లోపల దాదాపు 46 ఉంటుంది. షాఫ్ట్‌కు 40 మిల్లీమీటర్ల పైపు, లోపల దాదాపు 36. పైపుల గోడ మందం రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి కొన్నాక లోపలి వెడల్పు కొలిచే మిగతా లెక్క వేయండి. పొడుగు 795 మిల్లీమీటర్లు. ఇందులో క్యూ ముక్క 737, క్యాపు 25, కింది బిళ్ళ 20, పై బిళ్ళ 15, మొత్తం 797. ఎక్కువైన ఆ రెండు మిల్లీమీటర్లే మూత వేసినప్పుడు బిళ్ళలు నలిగే దూరం.

గోడ మెత్తకు 5 మిల్లీమీటర్ల ఈవీఏ షీటు తీసుకోండి. చాలా మంది చేసే తప్పు ఇక్కడే. పైపు లోపలి చుట్టుకొలత 46కి 144 మిల్లీమీటర్లు వస్తుంది కదా అని షీటును 144 వెడల్పున కోస్తారు. గుండ్రంగా చుట్టినప్పుడు షీటు లోపలి ముఖం నలగాలి, అంత నలగలేక ఒక చోట ముడతలా లేస్తుంది. ఆ ముడత బట్ పొడవునా ఒకే గీత మీద నొక్కుతూ ఉంటుంది. లెక్క వేయాల్సింది షీటు మందం మధ్యలో: 46లోంచి 5 తీసి 41, దాన్ని 3.14తో గుణిస్తే 129. కాబట్టి 129 వెడల్పు కోయండి. షాఫ్ట్ పైపుకు 36లోంచి 5 తీస్తే 31, వెడల్పు 97. అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ముఖాముఖీ ఆనాలి.

పైన ఒక మిల్లీమీటరు నూలు గుడ్డ సంచి కలిపితే బట్‌కు 34 మిల్లీమీటర్ల దారి మిగులుతుంది, 32 లావుకు రెండు మిల్లీమీటర్ల వదులు. షాఫ్ట్‌కు 24 మిగులుతుంది, 21 లావుకు సరిపోతుంది. టిప్ కొస 13 కాబట్టి ఇంకా ఊగుతుంది. దానికి పై మూడంగుళాల్లో మాత్రం ఇంకో 4 మిల్లీమీటర్ల ఈవీఏ చుట్టు వేయాలనిపిస్తుంది. అలా వేస్తే దారి 16 అవుతుంది, అడుగున జాయింటు క్యాపు 21 దాటి కిందికి వెళ్ళదు. అందుకని ఆ చుట్టు పైపులో కాకుండా మూతకు అతికించాలి. మూత లోపలి నుంచి మూడంగుళాల చిన్న గొట్టంలా దిగి, మూసినప్పుడు టిప్ కొస చుట్టూ కూర్చోవాలి.

గమ్ము కుషన్ పనివాళ్ళు వాడేదే చాలు, రెండు ముఖాలకూ పలచగా రాసి పది నిమిషాలు ఆరనిచ్చి అతికించాలి. పైపు లోపల చేయి దూరదు కాబట్టి షీటును ముందే కర్రకు చుట్టి దారంతో కట్టి, లోపలికి దించాక దారం లాగేయడం సులువు. పని అయ్యాక క్యూ పెట్టే తొందరొద్దు. గమ్ము వాసన పూర్తిగా పోయేదాకా మూతలు తెరిచి నాలుగైదు రోజులు ఉంచండి, మూసిన కేసులో ఆ ఆవిరి నేరుగా పాలిష్ మీదికే పోతుంది. రెండు పైపులనూ పక్కపక్కన కట్టి పైన కాన్వాసు కవరు కుట్టించేటప్పుడు దర్జీకి ఒకటి గట్టిగా చెప్పండి: జిప్పు లోపలి వైపు రెండంగుళాల గుడ్డ రెక్క వదలమని. వాన నీళ్ళు దిగేదీ, జిప్పు పళ్ళు పాలిష్‌ని గీరేదీ ఆ సందులోంచే.